ధ్వనిముద్రణము – పాఠవిచారము

తాళపత్రములయందువలె గానముద్రణములయందును పాఠవిచారము అవసరము. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల సంగీతరసికులు తాము వినుచున్న రికార్డులను గూర్చి పరస్పరము తెలుపుకొనునపుడు ఈ విషయము గమనింపదగినది.

నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల గ్రామఫోను రికార్డునందు ఒక్కొక్క వైపున సుమారు 3 నిమిషముల గానమే ఇమిడెడిది. అందుచే గాయకులు ఆలాపనను కుదించిరి, చరణములను విడిచిరి. అట్టి రికార్డునందు రామదాసు కీర్తన యొకటి ఏకచరణముతో వినవచ్చినచో, తక్కిన చరణములు ఆ గాయకుని సంప్రదాయమున లేవనుట యుక్తము కాదు. అది కాలపరిమితివలన కలిగిన లోపమే గాని పాఠభేదము కాదు. 1948లో వెలువడిన ఎల్.పి. రికార్డు ఒక్కొక్క వైపున 20 నిమిషములకు పైగా గానమును ధరింపగలిగినందున ఈ నిర్బంధము సడలినది.

మరియొక విషయము. పాణినీయశిక్ష లిఖితపాఠకుని ఆర్గురు పాఠకాధములలో చేర్చినది. గోదావరీతీరమందలి ధర్మపురి (2016 నుండి జగిత్యాల జిల్లా) వంటి క్షేత్రముల వేదాధ్యయనమున గురుముఖోచ్చారణమే ప్రమాణము. రికార్డును మాత్రమే అనుకరించి పాడువాడును లిఖితపాఠకుని వంటివాడే. రికార్డు వినిపించును గాని, విన్నవాని దోషమును దిద్దజాలదు.

కావున "ఏమి వినుచున్నారు?" అను ప్రశ్నకు గాయకుని పేరు మాత్రమే సమాధానము కాదు. ముద్రణకాలము, నిడివి, గురుపరంపర అను మూడింటిని జతపరచి చెప్పినపుడే ఆ శ్రవణము ఇతరులకు ఉపకరించును.