అర టన్ను ఎత్తితే ఒంట్లో ఏం జరుగుతుంది?

2016 జూలై 9న ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఎడ్డీ హాల్ 500 కిలోల బరువును నేల మీద నుంచి తొడల దాకా ఎత్తాడు. డెడ్‌లిఫ్ట్‌లో అర టన్నును అందుకున్న మొదటి వ్యక్తి అతడే. చిన్నప్పుడు ఈతగాడు, తర్వాత లారీ మెకానిక్. బరువు దించగానే ముక్కు నుంచి రక్తం కారింది, స్పృహ తప్పింది.

ఖర్చయిన శక్తి ఇందుకు కారణం కాదు. 500 కిలోలను అర మీటరు ఎత్తడానికి జరిగే పని సుమారు 2,450 జౌళ్లు, అంటే ఒక కిలోకేలరీ కూడా కాదు. కండరాలు దీనికి నాలుగైదు రెట్లు ఖర్చు చేసినా, ఒక బిస్కెట్ ఇచ్చే శక్తి కన్నా తక్కువే.

అసలు ఒత్తిడి పీడనం వల్ల వస్తుంది. బరువు ఎత్తేవారు గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి, పొట్ట కండరాలను గట్టిపరుస్తారు. దీన్ని వల్సాల్వా ప్రక్రియ అంటారు. పొట్టలో పెరిగిన పీడనం వెన్నెముకకు ఆసరా ఇస్తుంది. అదే సమయంలో రక్తపోటు విపరీతంగా పెరిగి ముక్కులోని సన్నని రక్తనాళాలు చిట్లవచ్చు. ఊపిరి వదలగానే రక్తపోటు పడిపోయి, మెదడుకు రక్తం తగ్గి కళ్లు తిరుగుతాయి.

2017లో బోట్స్వానాలో ప్రపంచ బలశాలి టైటిల్ గెలిచాక హాల్ ఆరోగ్యం కోసం ఆ పోటీ నుంచి తప్పుకున్నాడు. అధిక రక్తపోటు ఉన్నవారు ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తకూడదు; ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి.