విద్యార్థి ఆత్మవిశ్వాసము – పరీక్షల భారము

పరీక్షలు దగ్గర పడినప్పుడు ఒకే తరగతిలో ఒకే పాఠములు చదివిన ఇద్దరు పిల్లలలో ఒకడు వేళకు తిని నిద్రపోవును. రెండవవానికి తలపోటు, కడుపునొప్పి. వచ్చిన పాఠము కూడ మరపునకు వచ్చును. తెలివిలో ఇద్దరికి పెద్ద తేడా ఉండదు. మరి ఈ భేదమెందుకు? తల్లిదండ్రులు తెలిసికొనదగిన విషయమిది.

కల్యాణసింగ్‌పూర్ వంటి ఊళ్లలో ఈ విషయమునకు ప్రాధాన్యము మరింత ఎక్కువ. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలో ఉండెను. 1992లో కోరాపుట్ నుండి విడివడిన రాయగడ జిల్లాలో ఇప్పుడు చేరియున్నది. ఇచ్చటి తెలుగు పిల్లవానికి ఇంట తెలుగు, బడిలో ఒడియా, సంతలో కొండవాసుల కువి మాట. పదవ తరగతి పరీక్ష కటకములోని విద్యామండలిది. ఆపైన రాయగడకో, విజయనగరమునకో, విశాఖపట్నమునకో పోయినచో అంతా ఇంగ్లీషు. పాఠముతోపాటు భాషను కూడ మోయవలసి వచ్చును. అందరును తనకంటె ముందున్నారని వానికి తోచుట సహజము.

అమెరికాలో రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1984లో ప్రకటించిన గ్రంథములో దీనికి మంచి వివరణ కలదు. కష్టమెదురైనప్పుడు మనస్సు రెండు లెక్కలు వేసికొనును. దీనివల్ల నాకు నష్టమెంత అనునది మొదటిది. దీనిని ఎదుర్కొనుటకు నా దగ్గర ఏమున్నది అనునది రెండవది. వర్తకులకు ఇది తెలియని సంగతి కాదు. హుండీ గడువు రేపు అనగా, పెట్టెలో పైకమున్నవానికి అది రేపటి పని. లేనివానికి ఈ రాత్రి జాగరణ. హుండీ ఒక్కటే, నిల్వలోనే తేడా. విద్యార్థికి ఆత్మవిశ్వాసము అట్టి నిల్వ. అది ఉన్నవాడు రాని లెక్కను మరల వేయును, ఉపాధ్యాయుని అడుగును. లేనివాడు పుస్తకము మూసి ఫోను చేతబట్టును. దానివల్ల చదువు తరుగును, భయము పెరుగును.

ఈ నిల్వ చేరు మార్గములు నాలుగని ఆల్బర్ట్ బందూరా అను పండితుడు 1977లో తెలిపెను.

మొదటిది, తాను స్వయముగా చేసి నెగ్గిన పని. అన్నిటికంటె బలమైనది ఇదే. పుస్తకమంతయు ఒకేసారి ముందు పెట్టక, దినమునకు నాలుగు లెక్కలు, ఒక పాఠము చొప్పున ముగింపజేయవలెను. ముగించినది ఒక చిట్టాలో వానిచేతనే వ్రాయించవలెను. నెల తిరుగునప్పటికి అందులోని జమ వానికే కనబడును.

రెండవది, తనవంటివాడు చేయగా చూచుట. ఎక్కడనో మొదటి ర్యాంకు వచ్చినవానిని చూపుటకంటె, ఇదే బడిలో ఒడియాలో చదివి, ఇంగ్లీషుతో తంటాలు పడి, గట్టెక్కిన పెద్ద పిల్లవానితో మాట్లాడించుట మేలు.

మూడవది, నమ్మదగినవారి మాట. "నీకంతా వచ్చు" అను ఉత్త పొగడ్త హాలులో మొదటి ప్రశ్నకే కరిగిపోవును. "కిందటి నెల ఈ లెక్క రాలేదు, ఇప్పుడు వచ్చినది" అను మాట నిలుచును. పక్కింటి పిల్లవానితో పోల్చుట ఉన్న నిల్వను కూడ ఖర్చు పెట్టుటయే.

నాలుగవది, శరీర స్థితి. నిద్రలేనివానికి గుండెదడ వచ్చును. ఆ దడను తన చేతగానితనమని వాడు భ్రమించును. పరీక్ష ముందు రాత్రి నిద్ర కూడ చదువులో భాగమే.

అయితే కొంత ఆందోళన అవసరమే. బొత్తిగా లేకున్నను, మితిమీరినను పని చెడుననుట 1908లో యెర్క్స్, డాడ్సన్ అనువారు ఎలుకలపై చేసిన ప్రయోగముల నాటినుండి ఉన్న మాట. అభ్యాసము లేని ధైర్యము పైకము లేకుండ వ్రాసిన హుండీ వంటిది, గడువునాడు తిరిగివచ్చును.

తప్పినవాని మాటేమి? 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ మూడవ పర్యాయమున, మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులైరి. తరువాత అమెరికా చేరి హార్వర్డులో పరిశోధన చేసిరి. ఫిస్కేతో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. 1940లో లెడర్లే సంస్థకు మారి, 1948లో మరణించువరకు ఫోలిక్ ఆమ్లము, కాన్సరుకు వాడు మెథోట్రెక్సేట్ వంటి మందుల కృషి నడిపిరి. తప్పుట గొప్ప అని దీని భావము కాదు. తప్పిన పరీక్షను ముగియని పనిగా చూచి, మరల కూర్చొని వ్రాయుటలోనే ఫలితమున్నది.

ఈ సంగతి పెద్దలు గ్రహింపకున్న నష్టము అపారము. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితముల తరువాత పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. పిమ్మట ప్రభుత్వము తప్పినవారి జవాబు పత్రములను ఉచితముగా మరల పరిశీలింపజేయగా, కొందరు ఉత్తీర్ణులైనట్లు తేలెను. మార్కుల కాగితములో కూడ పొరపాటు ఉండవచ్చును. పోయిన ప్రాణము మాత్రము తిరిగి రాదు. పిల్లవాడు మాటలు తగ్గించి, తిండి మాని, బ్రతుకుపై విసుగు చూపినచో ఆలస్యము చేయరాదు. వానిని ఒంటరిగా విడువక వైద్యునికి చూపవలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరుపై రాత్రింబగళ్లు ఉచితముగా మాట్లాడవచ్చును.

ఫలితములు వచ్చిన సాయంత్రము తండ్రి దుకాణము ఒక గంట ముందు కట్టి, పిల్లవానితో కూర్చొని భోజనము చేయుట మంచిది. మార్కులు ఎన్నైనను ఇంటిలో తన స్థానము తగ్గలేదని వానికి ఆనాడు తెలియవలెను. మరుదినము అనుబంధ పరీక్ష సంగతి తీరికగా మాట్లాడుకొనవచ్చును.