నాగపూరులో ఒక్కరోజు ఆగు

శ్రీకాకుళం,
ఆదివారం.

చిరంజీవి చిన్నబాబుని పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

ఝాన్సీలో నువ్వు వేసిన కార్డు నిన్న అందింది. "శ్రీనగర్ నుంచి ఒక్కరోజు కూడా ఆగలేదు పెదనాన్నా, కన్యాకుమారి దాకా ఇదే ఊపు" అని రాశావు. చదివి సంతోషించాను. కానీ రాసిన మాట కన్నా రాసిన తీరు చూసి బెంగ పట్టుకుంది. నీ దస్తూరీని మీ మాస్టారు క్లాసంతా తిప్పి చూపించేవారు. ఈ కార్డులో తలకట్టు ఒక చోట, అక్షరం ఒక చోట. నాలుగో పంక్తికి వచ్చేసరికి పెన్ను జారి అడ్డంగా గీత పడింది. దానికితోడు రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. సాగర్‌లో టీ గ్లాసు నీ చేతిలోంచి జారిపోయిందట, చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నావట, అదంతా నువ్వు నవ్వుతూ చెప్పావట. నవ్వే విషయం కాదు నాయనా. చిటికెన వేలూ, దాని పక్కన ఉంగరపు వేలూ తిమ్మిరెక్కుతున్నాయా? పొద్దున్న లేచాక కూడా వదలడం లేదా? ముందు దీనికి జవాబు రాయి.

పాప ఈ ఉత్తరం ఫోటో తీసి ఇవాళే నీకు పంపుతానంది. నాగపూరు చేరి ఉంటావు. రేపు సోమవారం. రేపు సైకిలెక్కొద్దు.

మన తాత సోమవారం ఎద్దుల మెడ మీద కాడి పెట్టేవాడు కాదు. తొలకరి పడి ఊరంతా దుక్కికి పరిగెడుతున్నా సరే, సోమవారం నాడు మన ఎద్దులు చింతచెట్టు కింద నెమరేస్తూ ఉండేవి. శివుడి వాహనమని ఆయన భక్తి. కానీ సాయంత్రం వాటి మెడ తడిమి, కాడి ఒరుసుకున్న చోట వేడి తగ్గిందో లేదో చూసుకునేవాడు. అలా చూసేటప్పుడు ఆయన మొహంలో ఉన్న శ్రద్ధ నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది. ఆగకపోతే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు, ఇచ్ఛాపురం పందెంలో మీ నాన్న మోకాలు ఏమైందో నీకు తెలుసు.

ఆగితే కాళ్ళు పట్టేస్తాయని నీ భయం. కానీ కండలో దాచుకున్న చక్కెర రోజంతా తొక్కితే అడుగంటుతుంది. అది మళ్ళీ నిండడానికి దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది, అదీ కడుపునిండా అన్నం పడితేనే. నువ్వు రాత్రి రెండు రొట్టెలు తిని పొద్దున్నే బయలుదేరుతున్నావు. నరాలూ కండలూ బాగుపడేది తొక్కేటప్పుడు కాదు, ఆగినప్పుడు. టూర్ డి ఫ్రాన్స్‌లో తొక్కేవాళ్ళకు వెనకాల కారు, వంటమనిషి, కాళ్ళు పట్టేవాడు, అందరూ ఉంటారు. వాళ్ళకే మూడు వారాల్లో రెండు విశ్రాంతి రోజులు ఇస్తారు. నీ వెనక ఎవరున్నారు? రెండు సంచులు తప్ప.

ఇప్పుడు వేలి సంగతి. నా ఉద్యోగమంతా కుష్ఠు నివారణలో, సైకిలు మీద ఊళ్ళు తిరుగుతూనే గడిచింది కదా. మోచేయి గోడకు తగిలితే జివ్వుమంటుందే, ఆ నరాన్ని నేను చూసినంతగా మన ఇంట్లో ఎవరూ చూడలేదు. దాన్ని అల్నార్ నరం అంటారు. మోచేతి వెనకనుంచి దిగి, మణికట్టు దాటి, అరచేతి మొదట్లో చిటికెన వేలి వైపు పోతుంది. నువ్వు హ్యాండిల్ మీద బరువంతా మోపేది సరిగ్గా అక్కడే. నీకు ఆ జబ్బుందని నేను అనడం లేదు, కంగారు పడకు. నరం మాత్రం అదే. దాని మాట వినకపోతే వేళ్ళు ఎలా ముడుచుకుపోతాయో నేను వందల చేతుల్లో చూశాను.

పొందూరు వైపు ఒక నేతపని అతను ఉండేవాడు. సన్నని నూలు నేసేవాడు. 1983 తర్వాత కొత్త మందులు, మూడు రకాలు కలిపి ఇచ్చేవి, వచ్చిన రోజులవి. మందు పనిచేస్తోంది, మచ్చలు పోతున్నాయి, ఇంతలో మోచేతి దగ్గర నరం వాచింది. ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఇచ్చి, చెయ్యి కదలకుండా బద్ద కట్టి మెడకు వేలాడదీశాం. దసరా ముందు మగ్గం ఆపమంటే ఏ నేతగాడు వింటాడు? నేను వెళ్ళినప్పుడల్లా అరుగు మీద కూర్చుని మగ్గం వైపే చూస్తుండేవాడు. అతని భార్య నాకు చోడి అంబలి ఇచ్చి, "మీరు చెబితేనే వింటున్నారు బాబూ, రోజూ రండి" అనేది. ఆ అంబలిలో ఉల్లిపాయ నంజుకుంటే ఎండంతా మరిచిపోయేవాణ్ణి. మీ పెద్దమ్మ ఎంత ప్రయత్నించినా ఆ రుచి రాలేదు. సంక్రాంతి దాటాక అతను చిటికెన వేలు పక్కకు చాపి, నేను నెడుతున్నా గట్టిగా నిలబెట్టాడు. ఇద్దరికీ కళ్ళు చెమర్చాయి. మందు సగం పని చేసింది, ఆగడం సగం పని చేసింది.

నువ్వూ ఆ పరీక్ష చేసుకో. అరచెయ్యి పైకి పెట్టి చిటికెన వేలు పక్కకు చాపు, లాడ్జిలో కుర్రాణ్ణి నెట్టమను. రెండో చెయ్యితో పోల్చు. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పట్టుకుని లాగమను. కళ్ళు మూసుకుని అరచేతి అంచున బాల్ పెన్ మొన తాకించమను, ఎక్కడ తాకిందో చెప్పగలవా చూడు. వేలు నిలబడకపోయినా, కాగితం జారిపోయినా సైకిలు రైల్లో వేసుకుని వచ్చెయ్. అందులో చిన్నతనం ఏమీ లేదు. స్టేషన్‌కి నేనే వస్తాను.

వట్టి తిమ్మిరే అయితే రేపంతా పడుకో. పొద్దున్న ఎండలో, ప్యాడ్ ఉన్న ఆ నిక్కర్లు ఉతికి తిరగేసి ఆరెయ్యి. కూర్చునే చోట చర్మం ఒరుసుకుందేమో చూసుకో. మధ్యాహ్నం పప్పు, అన్నం, పెరుగు మొహమాటపడకుండా తిను; నారింజలు ఎలాగూ అక్కడివే. చైను తుడిచి నూనె వెయ్యి, అంతకు మించి పని పెట్టుకోకు. ఊరు చూద్దామని ఆటో ఎక్కావంటే అది విశ్రాంతి కాదు. సేవాగ్రాం అంత దగ్గరలో ఉందని నాకే మనసు లాగుతోంది. కుష్ఠు సోకిందని ఎవరూ దగ్గరికి రానివ్వని పర్చూరే శాస్త్రిని అక్కడ ఉంచుకుని, గాంధీగారు తన చేతులతో పుళ్ళు కడిగిన చోటు అది. ఆయనా సోమవారం మౌనం పాటించేవారు. కానీ ఇప్పుడు వద్దు బాబూ. వేసవిలో మనిద్దరం రైల్లో వెళదాం.

సైకిలు సంగతి ఒకటి. నువ్వు పంపిన ఫోటోలో సీటు ముందు కొస కిందికి వాలి ఉంది. అందుకే ఒళ్ళంతా ముందుకు జారి బరువు అరచేతుల మీద పడుతోంది. మట్టంగా బిగించు. హ్యాండిల్ ఒక అంగుళం పైకి లేపగలిగితే లేపు. మోచేతులు కర్రల్లా బిగించకుండా కాస్త వంచి పెట్టు, అయిదు నిమిషాలకోసారి చెయ్యి చోటు మార్చు. టైర్లలో గాలి మరీ గట్టిగా కొట్టించకు.

మంగళవారం మొదటి గంట కాళ్ళు బరువుగా ఉంటాయి, అది మామూలే, వేగం పెంచకు. హింగన్‌ఘాట్ దాటి, పాండర్‌కవడా దాటి, మన ఏడో నంబరు రోడ్డు, ఇప్పుడు 44 అంటున్నారు, ఆదిలాబాదులో అడుగుపెడుతుంది. అక్కడ ఈ నెలలో పొద్దున్న చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి, ఎండ వచ్చాకే బయలుదేరు. నిర్మల్ ముందు కొండదారి దిగాలి. ఆ మలుపుల్లో బండిని పట్టి ఉంచాల్సింది ఈ వేళ్ళే. అందుకే ఇంత చెబుతున్నాను.

గదికి రెండు రాత్రుల డబ్బు పాప నీ ఫోనుకి పంపింది. మీ అమ్మకు లాడ్జి పేరు చెప్పు, ఆవిడ నిద్రపోవడం లేదు. కాగితం పరీక్ష ఏమైందో రేపు సాయంత్రం లోపు రాయి. ఫోనులో టైపు చెయ్యకు, చేత్తో రాసి ఫోటో తీసి పంపు. నీ అక్షరాలు నేను చూడాలి.

ఇట్లు,
మీ పెదనాన్న

అరచేతిలో దూది ఉన్న గ్లౌజులు కొనుక్కో. ఉన్నవి ఎండకు అట్టలు కట్టి ఉంటాయి.