నలగాల్సింది అట్ట, గాజు కాదు

మెదక్‌లో గాజు, పింగాణీ సామాన్ల దుకాణం మీద బతికినవాణ్ని. ఇప్పుడు గల్లా మీద కొడుకు కూర్చుంటాడు, నేను వెనక గదిలో పార్సిళ్లు కడతాను. ఇంటి నుంచే ఫోన్లో సరుకు అమ్మే పిల్లలు ఈ మధ్య వచ్చి “తాతా, ఇది ఎట్ల కట్టాలె?” అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పేకంటే రాసి పెట్టడం నయమనిపించింది.

1. సందు లేకుండా బిగించి కడితే సామాను భద్రమని చాలామంది నమ్మకం. కాదు. కిందపడిన సామాను ఎంత దూరంలో ఆగిందన్నదే లెక్క. బల్ల ఎత్తు నుంచి, అంటే 75 సెంటీమీటర్ల నుంచి డబ్బా జారిందనుకోండి. లోపలి అట్ట రెండున్నర సెంటీమీటర్లు నలిగి సామాన్ను ఆపితే, దాని మీద పడే దెబ్బ దాని బరువుకు సుమారు 30 రెట్లు. 3 మిల్లీమీటర్లలోనే ఆగితే 250 రెట్లు. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగించడమే, పెద్ద గణితమేమీ కాదు. అందుకే నాలుగు పక్కలా, పైనా, కిందా ఐదు సెంటీమీటర్ల జాగా వదిలి, దాన్ని మడతపెట్టిన అట్టతో నింపాలి. డబ్బా ఊపితే లోపల చప్పుడు రాకూడదు. పై అట్టను వేలితో నొక్కితే కొంచెం లొంగాలి. ఈ రెండూ కుదిరాకే టేపు ముట్టుకోండి.

2. అట్ట అంచును కంటి దగ్గర పెట్టుకుని చూడండి. రెండు కాగితాల నడుమ అలలు కనిపిస్తాయి. పెట్టెలు చేసేవాళ్లు వాటిని ఫ్లూట్ అంటారు. మూడు పొరల అట్టలో ఒక వరస అలలు, ఐదు పొరల దాంట్లో రెండు వరసలు. అలల గీతల వెంట మడిస్తే అట్ట శుభ్రంగా వంగుతుంది. అడ్డంగా మడిస్తే అలలు చితికి, మడత దగ్గరే బలం పోతుంది. బెత్తెడు వెడల్పు పట్టీ కోసి, గీతల వెంట చీర కుచ్చిళ్లు పెట్టినట్టు ముందుకొకటి, వెనక్కొకటి మడవండి.

ఈ కుచ్చును ఎటు తిప్పి పెడతారన్నదే అసలు కిటుకు. అలల గొట్టాలు నిలువుగా ఉండేలా నిలబెడితే బరువు మోస్తుంది. నిండు సీసాలకు, పెద్ద జాడీలకు అది పనికొస్తుంది. పడుకోబెట్టి, మడతల వీపు మీద బరువు పడేలా పెడితే మెత్తగా లొంగుతుంది. టీ కప్పులకు, లాంతరు చిమ్నీలకు, మట్టి బొమ్మలకు ఇదే వాడాలి. తేలిక కప్పు కింద నిలబెట్టిన కుచ్చు పెడితే అది నలగనే నలగదు, దెబ్బంతా కప్పుకే పోతుంది. బరువు జాడీ కింద పడుకోబెట్టినది పెడితే ఒక్క దెబ్బకే పూర్తిగా అణిగి, జాడీ అడుగు నేలకు తగులుతుంది. సామాను చేతిలోకి తీసుకుని, బరువు చూసుకుని మడత వేయాలి. వీడియో చూసి అన్నిటికీ ఒకే మడత వేసేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

3. మా రోజుల్లో ఫిరోజాబాద్ గాజు సామాను కర్ర పెట్టెల్లో, ఎండుగడ్డి నడుమ వచ్చేది. గడ్డి మంచిదే, కానీ కుదుపులకు అడుగుకు దిగిపోయి పైన ఖాళీ వదిలేది. వానాకాలం ముక్కి వాసన కొట్టేది. ఆ గడ్డి చోటులోకి వచ్చిన అలల కాగితానికి 1856లో ఇంగ్లండ్‌లో పేటెంటు తీసుకున్నది టోపీల అస్తరు కోసం. 1871లో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ జోన్స్ దాన్ని సీసాలకు, దీపం చిమ్నీలకు చుట్టడానికి పేటెంటు పొందాడు. 1874లో ఆలివర్ లాంగ్ అలల వెనక సాదా కాగితం అతికించాడు, అలలు సాగి చదునైపోకుండా. డబ్బాగా మారింది ఆ తర్వాతే. అంటే ఈ అట్ట ముందు మెత్తగా, తర్వాతే పెట్టెగా పనికొచ్చింది. మనం దాన్ని పెట్టెగా వాడుకుని, మెత్తకు మళ్లీ డబ్బులు పెట్టి బబుల్ షీటు కొంటున్నాం!

4. ఒకసారి నలిగిన మడత మళ్లీ లేవదు. పోయిన పార్సిల్లో అడుగున ఉన్న కుచ్చును మళ్లీ అడుగున పెట్టొద్దు, పక్క ఖాళీల్లో కుక్కుకోండి. ఇక్కడ థర్మాకోల్‌ది పైచేయి అని ఒప్పుకోవాలి. వరసగా రెండు మూడు దెబ్బలు తగిలే దూరప్రయాణానికి, టీవీలాంటి యంత్రాలకు అట్ట ఒక్కదాన్నే నమ్మను.

5. పళ్లేలు, ఫొటో ఫ్రేములు, అద్దాలు నిలబెట్టి కట్టాలి. పడుకోబెడితే గాజు నడుమ వంగి పగులుతుంది. మా మెదక్ చర్చి కిటికీల రంగు గాజు ఇంగ్లండ్ కళాకారుడు ఫ్రాంక్ సాల్స్‌బరీ పని. చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైతే, మొదటి కిటికీ 1927లో, తర్వాతివి 1947లో, 1958లో అమరాయి. సముద్రం దాటొచ్చిన గాజు ఇన్నేళ్లుగా ఎండలో మెరుస్తుంటే, మీ పళ్లెం హైదరాబాద్ దాకా పోలేదా? నిలబెట్టండి, రెండు పళ్లేల నడుమ ఒక అట్ట ముక్క పెట్టండి, అంతే.

6. అట్ట గరుకు. మెరుగు పెట్టిన సామాను దానికి రాసుకుంటే గీతలు పడతాయి. ముందు పల్చటి తెల్ల కాగితం చుట్టండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది.

7. తేమ అట్టకు శత్రువు. వానాకాలం గాలి తేమ బాగా పీల్చిన అట్ట బలం సగం దాకా పడిపోతుంది. ఆర్టీసీ వాళ్ల కార్గో 2020లో మొదలయ్యాక మా సరుకు చాలావరకు బస్సు మీదే పోతోంది. 2022లో ఊరికి రైలొచ్చినా ఆ అలవాటు మారలేదు. బస్సు దిగిన డబ్బా తడి గచ్చు మీద ఎంతసేపుంటుందో మీ చేతిలో లేదు. డబ్బా అడుగుకు బయటి నుంచి పాలిథిన్ చుట్టండి.

8. అమెరికా పిల్లలకు ఆవకాయ పంపే అమ్మలకు: గాజు సీసా వద్దు. నూనె కారితే అట్ట మెత్తబడి మడతలన్నీ కూలిపోతాయి, తర్వాత సీసాకు దిక్కుండదు. గట్టి పౌచ్‌లో సీల్ చేయించండి. కాదు, జాడీయే పోవాలంటారా? మూత చుట్టూ పాలిథిన్ బిగించి, చిన్న డబ్బాలో పెట్టి, దాన్ని పెద్ద డబ్బాలో పెట్టి, నడుమ ఐదు పొరల అట్ట కుచ్చులు నిలబెట్టండి.

9. ‘గాజు, జాగ్రత్త’ చీటీ అతికించండి, కానీ దాన్ని నమ్ముకోవద్దు. హమాలీకి కూలి బరువు దించినందుకే వస్తుంది, చదివినందుకు కాదు.

కిరాణా, మందుల దుకాణాలవాళ్లకు ఒక మనవి. సాయంత్రం ఖాళీ డబ్బాలను చించి రోడ్డు పక్కన తగలబెట్టకండి. టేపు ఊడదీసి, చదును చేసి, తడి తగలని మూల పేర్చి పెట్టండి. అడిగిన పిల్లలకు ఇవ్వండి.