పర్యావరణ రక్షణ – ధనిక, పేద దేశాల బాధ్యత



చెరువు కట్ట తెగితే ఊరంతా కదలాల్సిందే. అయితే ఆ నీళ్లతో పదెకరాలు పండించే ఆసామీ, సెంటు భూమి లేని కూలీ సమానంగా చందా వేసుకోవాలంటే న్యాయమేనా? పర్యావరణం గురించి ప్రపంచ దేశాల మధ్య యాభై ఏళ్లుగా నడుస్తున్న వాదన ఇదే.

ఎవరి పొగ ఎంత?

ధనిక దేశాలు తరతరాలుగా బొగ్గు, పెట్రోలు మండించి ఎదిగాయి. అప్పటి కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగం ఇంకా గాలిలోనే ఉంది. నేడు మొత్తం మీద ఎక్కువ విడుదల చేసేది చైనా. మన దేశానిది మూడో స్థానం. అయినా తలసరి లెక్క చూస్తే ఒక అమెరికా పౌరుని వాటా మన వాటాకు సుమారు ఏడు రెట్లు.

పోటీ పరీక్షలకు చదివేవారు గుర్తుంచుకోవలసినవి

1992 రియో: బాధ్యత అందరిదీ, కానీ స్థాయిని బట్టి వేర్వేరు అనే సూత్రం.
1997 క్యోటో: ధనిక దేశాలకే తగ్గింపు లక్ష్యాలు. 2005లో అమలులోకి వచ్చింది. అమెరికా ఆమోదించలేదు.
2009 కోపెన్‌హాగన్: పేద దేశాల కోసం 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్న హామీ. 2022లో గాని నెరవేరలేదు. ప్రభుత్వాలు ఇచ్చిన దానిలో ఎక్కువ భాగం అప్పే.
2015 పారిస్: అన్ని దేశాలూ లక్ష్యాలు పెట్టుకోవాలి.
2024 బాకు: 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్ల లక్ష్యం.

మన తెలుగు నేల మీద ఒక ఉదాహరణ

అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే గిరిజన గ్రామం ఉంది. అక్కడి మహిళా సంఘాలు కానుగ గింజల నుండి నూనె తీసేవి. డీజిల్‌కు బదులు ఆ నూనె వాడితే పదేళ్లలో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్క కట్టారు. 2003లో ప్రపంచ బ్యాంకు దీనికి 645 డాలర్లు చెల్లించింది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సమావేశం వల్ల వెలువడిన పొగకు అది పరిహారం. టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా పడలేదు.

పేద మహిళల శ్రమకు ప్రపంచం వెల కట్టడం సంతోషమే. కానీ విమానాల్లో తిరిగేది ఒకరు, ఆ పొగను సరిచేసేది మరొకరు. డబ్బు చెల్లించినంత మాత్రాన పొగ తగ్గించుకునే బాధ్యత తీరిపోతుందా? తీరదని మేము భావిస్తున్నాము.

మనమేం చేయాలి?

ఇదే న్యాయం దేశం లోపలా వర్తించాలి. బంగారుపాళ్యంలో మామిడి పూత రాలిపోతే తోట యజమానికి నష్టం, కాయలు కోసే కూలీకి పూర్తిగా పని పోతుంది. అలాంటి కూలి ఇండ్ల నుండి వచ్చి, హాస్టల్ అన్నంతో చదువుకుంటున్నవాళ్లం మనం. మొక్క నాటుదాం, నీళ్లు పొదుపు చేద్దాం. దాంతోపాటు ఎవరి వాటా ఎంతో లెక్క చదివి, ధైర్యంగా అడగడం కూడా నేర్చుకుందాం.