ఫీజు కట్టే ముందు ఒక్క పేజీ మెమొరీ

పీయూసీ ఫలితాలు వచ్చాయంటే బూదికోట, బంగారుపేట, రాబర్ట్‌సన్‌పేట వైపు నుంచి నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు అడిగేది ఒక్కటే: "ఏఐ బ్రాంచిలో సీటు దొరుకుతుందా సార్?" పిల్లకు ఏ సబ్జెక్టు ఇష్టం, ఏ లెక్క దగ్గర అన్నం మరచి కూర్చుంటుంది అన్న మాట వాళ్ల నోట రాదు. సీఈటీ ర్యాంకు సరిపోకపోతే మేనేజ్‌మెంట్ కోటా, దానికోసం చేను తాకట్టు. డిగ్రీ చేతికొచ్చాక బెంగళూరులో మళ్లీ ఆరు నెలల కోర్సు, దానికి ఇంకో అప్పు. ఈ వరసను నేను ఒప్పుకోను.

ఒకే దారిని నమ్ముకుంటే ఏమవుతుందో మన ప్రాంతానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. మూడు కిలోమీటర్ల లోతుకు దిగి పని చేసినవాళ్ల ఇళ్లలోని పిల్లలు ఆ తర్వాత మారికుప్పం, బంగారుపేటల్లో తెల్లారకముందే బెంగళూరు రైలెక్కడం అలవాటు చేసుకున్నారు. ఆ భయం నాకు తెలుసు. కానీ భయపడి అందరూ ఒకే బ్రాంచి మీద పడితే, మళ్లీ ఒకే గని మీద ఊరంతా ఆధారపడినట్టే.

కంప్యూటర్ చదువంటే వెబ్‌సైటో, యాపో, ఏఐయో అని, దాని అడుగున జరిగే పని ఐఐటీ పిల్లలకే చేతనవుతుందని మన ఇళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. ఈ అడుగు పనినే సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్, డ్రైవర్లు, వర్చువల్ మెషీన్లు దీని కిందికే వస్తాయి. ఏఐ సర్వర్ అయినా, కారు డ్యాష్‌బోర్డు అయినా, ఫోన్ అయినా నడిచేది దీని మీదే. ఇందులో ఒక్క సమస్యను తీసుకుని చూపిస్తాను. అది మీ పిల్లకు పట్టుబడుతుందో లేదో మీరే తేల్చుకోవచ్చు.

క్లౌడ్‌లో ఒక వర్చువల్ మెషీన్‌కు, అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్‌కు, డిస్కు కావాలి. అసలు డిస్కు లేకుండానే, ఒక మామూలు ప్రోగ్రాం డిస్కులా నటిస్తుంది. కెర్నెల్ బయట నడిచే ఇలాంటి ప్రోగ్రాంను యూజర్ స్పేస్ వర్చువల్ డివైస్ అంటారు. డేటా అడిగే డ్రైవర్ మాత్రం కెర్నెల్‌లో ఉంటుంది. ఇద్దరి మధ్య డేటా ఎలా వెళ్లాలి? ప్రతిసారీ కాపీ చేస్తే వేగం పోతుంది. అందుకే ఇద్దరికీ కనిపించే ఉమ్మడి మెమొరీ ఏర్పాటు చేస్తారు.

కోలారు టమాటా మార్కెట్టు చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. రైతు బాక్సులు దించుతాడు, హమాలీలు మండీలోకి మోస్తారు, వేలం అయ్యాక మళ్లీ లారీకి మోస్తారు. సరుకును దించిన చోటే ఉంచి, "ఈ వరస నీది" అని ఒక చీటీ, "ఈ వరస తీసుకున్నాను" అని ఇంకో చీటీ మార్చుకుంటే మధ్యలో మోత తప్పుతుంది. రస్టీ రస్సెల్ 2008లో వివరించిన వర్ట్‌ఐఓ పద్ధతి చేసేది ఇదే. డేటా ఒకచోటే ఉంటుంది. డ్రైవర్ ఒక చీటీల వరసలో "ఇవి సిద్ధం" అని రాస్తే, డివైస్ ఇంకో వరసలో "ఇవి అయిపోయాయి" అని రాస్తుంది. ఈ వరసలనే రింగులంటారు.

చిక్కంతా నమ్మకం దగ్గరే. ఉమ్మడి చోట పెట్టిన చీటీ మీద బరువు చదివి, సరే అనుకుని, డబ్బు లెక్కకట్టేటప్పుడు మళ్లీ అదే చీటీ చూశారనుకోండి. ఆ మధ్యలో ఎవరైనా అంకె దిద్దితే మోసపోతారు. కెర్నెల్‌కూ ఇదే ప్రమాదం ఉంది. ఉమ్మడి మెమొరీలోని పొడవును ఒకసారి చదివి తనిఖీ చేసి, రెండోసారి చదివి వాడితే, ఆ రెండింటి మధ్య అవతలి ప్రాసెస్, అంటే డిస్కులా నటించే ప్రోగ్రాం, దాన్ని మార్చేయగలదు. అందుకే ఒక్కసారి తన సొంత మెమొరీలోకి తెచ్చుకుని, దాన్నే తనిఖీ చేసి, దాన్నే వాడాలి.

దీనికి ఒక నిజమైన ఉదాహరణ ఉంది: 2021లో వచ్చిన లినక్స్ కెర్నెల్ 5.15లో వీడ్యూస్ అనే భాగం చేరింది. దాన్ని అప్పట్లో బైట్‌డ్యాన్స్‌లో పనిచేసిన షియే యోంగ్జీ రాశారు. యూజర్ స్పేస్‌లోని ప్రాసెస్ ఒకటి వర్ట్‌ఐఓ డివైస్‌లా పనిచేయడానికి ఇది దారి ఇస్తుంది. ప్రాసెస్ కెర్నెల్‌ను అడిగి ఒక ఫైల్ డిస్క్రిప్టర్ తెచ్చుకుంటుంది, దాన్ని ఎంమ్యాప్ చేసుకుంటుంది, అంటే తన మెమొరీలో భాగంగా కలుపుకుంటుంది, ఆ తర్వాత ఇద్దరూ ఒకే మెమొరీ చూస్తారు. వర్చువల్ మెషీన్ కోసమైతే దాని మెమొరీనే నేరుగా చూపిస్తారు. డ్రైవర్ ఆ ప్రాసెస్ నడిచే కెర్నెల్‌లోనే ఉంటే మాత్రం అలా చేయరు. మెమొరీని పంచేది పేజీల లెక్కన. మామూలు పేజీ 4096 బైట్లు. డ్రైవర్ ఇవ్వాలనుకున్నది 512 బైట్లే అయినా, అదే పేజీలో పక్కన కెర్నెల్‌కు చెందిన వేరే డేటా ఉండొచ్చు. పేజీ మొత్తం చూపిస్తే అదీ బయటపడుతుంది. అందుకని కావలసినంత మటుకు విడిగా ఒక బౌన్స్ బఫర్‌లోకి కాపీ చేసి, ఆ బఫర్‌నే పంచుతారు. కొంత వేగం పోతుంది, కెర్నెల్ గుట్టు నిలుస్తుంది. చెడ్డ డివైస్ ఎదురైతే కెర్నెల్ డ్రైవర్లు ఎంతవరకు తట్టుకుంటాయన్న జాగ్రత్తతో మొదట్లో డిస్కు తరహా డివైస్‌లకే అనుమతి ఇచ్చారు.

ఇంతవరకు చదివి "ఇందులో నాకు పనేముంది" అనిపించిన పిల్లలుంటారు. అది తప్పేమీ కాదు, వాళ్లకు వేరే దారులున్నాయి. "మరి ఇద్దరూ ఒకేసారి రాస్తే?" అన్న ప్రశ్న తనంతట తాను వేసిన పిల్లను మాత్రం ఏఐ పేరు చెప్పి లాగేయకండి.

ఈ పనికి అమెరికానే పోనక్కర్లేదు. రైలు దూరంలోని బెంగళూరులోనే ఇలాంటి పనికి పెద్ద చరిత్ర ఉంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లోనే అక్కడ పరిశోధన కేంద్రం పెట్టింది. నడుస్తున్న ప్రోగ్రాం లోపలికి కెర్నెల్ నుంచి తొంగిచూసే యుప్రోబ్స్ సాధనం 2012లో లినక్స్ 3.5లో చేరింది. దాన్ని రాసి చేర్చినవారిలో ముఖ్యుడు అప్పట్లో బెంగళూరు ఐబీఎంలో పనిచేసిన శ్రీకర్ ద్రోణంరాజు. చిప్ కంపెనీలు, క్లౌడ్ కంపెనీలు, కార్ల ఎలక్ట్రానిక్స్ కంపెనీలు ఇలాంటి ఇంజనీర్ల కోసం వెతుకుతూనే ఉంటాయి. ఒక్క మాట ముందే చెప్పాలి. కొత్తగా డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు వెబ్ పనుల్లో ఉన్నన్ని ఉద్యోగాలు ఇక్కడ ఉండవు. మొదటి ఉద్యోగం టెస్టింగ్‌లోనో, బోర్డు మీద డ్రైవర్లు సర్దడంలోనో దొరకవచ్చు. నిలదొక్కుకోవడానికి సమయం పడుతుంది. నేర్చింది మాత్రం తొందరగా పాతబడదు. రింగు బఫర్ అర్థమైనవాళ్లకు కొత్త పద్ధతి వచ్చినప్పుడు మొదటినుంచి మొదలుపెట్టే అవసరం రాదు.

అర్హత సంగతి: బీఈలో సీఎస్, ఈసీ, ఈఈ ఏదైనా, బీసీఏ తర్వాత ఎంసీఏ అయినా, డిప్లొమా చేసి డీసీఈటీతో రెండో ఏడాదిలో చేరినా సరిపోతుంది.

వీటిలో నాకు ఇష్టమైనది డిప్లొమా దారి. పాలిటెక్నిక్‌లో చేతితో పని చేసిన పిల్లకు హార్డ్‌వేర్ భయం పోతుంది, ఖర్చు తక్కువ. ఆ తర్వాత తక్కువ ఫీజున్న కాలేజీలో బీఈ, మూడో ఏడాది నుంచి గేట్ తయారీ. గేట్ కంప్యూటర్ సైన్స్ పేపరు సిలబస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ఎలాగూ ఉంది కాబట్టి చదివింది వృథా కాదు. డిగ్రీ తర్వాతా శిక్షణ కావాలనిపిస్తే సి-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి సి-డాక్‌లో ఎంబెడెడ్ సిస్టమ్స్ డిప్లొమా చేయవచ్చు. భారీ డొనేషన్ కట్టి ఏఐ పేరున్న సీటు కొనడం కంటే, మామూలు కాలేజీలో ఈసీ మంచిదని ప్రతి తల్లికీ తండ్రికీ చెబుతాను.

ఇక హెచ్చరికలు. కెర్నెల్, ఎంబెడెడ్ అన్న మాటలకు గిరాకీ ఉందని కోచింగ్ సెంటర్లకూ తెలిసింది. "వంద శాతం ప్లేస్‌మెంట్" అన్న బోర్డు చూడగానే వెనక్కి తిరగండి. ఉద్యోగం ఇచ్చేది కంపెనీ. దాని తరఫున మాట ఇచ్చే హక్కు ఏ కోచింగ్ సెంటర్‌కూ లేదు. ఈఎంఐలో కట్టండి అంటారు. కాగితం చదివితే అది మీ పిల్ల పేరు మీద ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. డబ్బు మొదటిరోజే సెంటర్‌కు చేరిపోతుంది, పిల్ల మధ్యలో మానేసినా కంతులు ఆగవు. ఇరవై రెండేళ్లకే అప్పు రికార్డు చెడితే, రేపు ఇంటి లోను దగ్గర అది అడ్డు తగులుతుంది.

ఇంతకన్నా ప్రమాదకరమైనది దొంగ అనుభవ పత్రం. రెండేళ్లు పనిచేసినట్టు కాగితం ఇప్పిస్తామని, బ్యాక్‌డోర్‌లో చేర్పిస్తామని డబ్బు అడిగేవాళ్లున్నారు. పీఎఫ్ వివరాలు, పాత కంపెనీ రికార్డులు తనిఖీ చేసే రోజులివి. దొరికితే ఉద్యోగంతోపాటు పేరూ పోతుంది. నిజాయితీగా ఏడాది ఖాళీగా ఉన్న పిల్లకు మళ్లీ అవకాశం వస్తుంది. అబద్ధంతో పట్టుబడిన పిల్లకు రావడం చాలా కష్టం.

ఇంట్లో పెట్టే ఒత్తిడి గురించి కూడా చెప్పాలి. పెద్దనాన్న కొడుక్కి ఎంత జీతం వస్తోందో భోజనాల దగ్గర రోజూ వినిపించడం వల్ల ఏ పిల్లకూ తెలివి పెరగదు. ఈ పనిలో ఒక తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి వారం పట్టొచ్చు. ఆ వారమంతా బయటికి ఏ ఫలితమూ కనబడదు. "స్క్రీను ముందు ఊరికే కూర్చున్నావు" అని గదమాయిస్తే, ఆ పనికి అన్నిటికన్నా అవసరమైన ఓపికనే మీరు చంపినట్టు. ఇంగ్లీషు రాదన్న బెదురూ వద్దు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చిన పిల్ల మూడో భాషలో నాలుగు తేటైన వాక్యాలు రాయగలదు. ఆ మాత్రం ఇంగ్లీషుతో లినక్స్‌కు ఎవరైనా మార్పు పంపవచ్చు. డిగ్రీ అడగరు, ఫీజు లేదు, కోడు నిలబడుతుందా అన్నదే చూస్తారు. లినక్స్ ఫౌండేషన్ మెంటార్‌షిప్, గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ లాంటి తలుపులు విద్యార్థులకు తెరిచే ఉన్నాయి.

కాబట్టి ఏ సెంటర్‌లోనూ చేరకముందు మూడు నెలలు ఇంట్లోనే ఈ పని చేయించండి. పాత ల్యాప్‌టాప్ చాలు. అందులో పెట్టుకోవడానికి లినక్స్, వర్చువల్ మెషీన్ నడిపే క్యూఈఎంయూ ఉచితంగా దొరుకుతాయి. పొరపాటు జరిగితే కూలేది లోపలి వర్చువల్ మెషీనే, ల్యాప్‌టాప్‌కు ఏమీ కాదు. చదవడానికి ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద ఓఎస్‌టీఈపీ పుస్తకం, ఎంఐటీ వారి చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌వీ6, ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉన్నాయి, వేటికీ డబ్బు కట్టనక్కర్లేదు. మొదటి నెల సి భాష, పాయింటర్లు. రెండో నెల ఒక చిన్న కెర్నెల్ మాడ్యూల్: ఒక్క పేజీ మెమొరీ కేటాయించి, ఎంమ్యాప్‌తో ఒక ప్రాసెస్‌కు చూపించాలి, ప్రాసెస్ రాసిన మాటను కెర్నెల్ చదవాలి. మూడో నెల ఆ పేజీలో రింగు కట్టి, ఈవెంట్‌ఎఫ్‌డీ అనే సంకేతంతో కెర్నెల్, ప్రాసెస్ ఒకదాన్నొకటి పిలుచుకునేలా చేయాలి. చివరగా ప్రాసెస్ కావాలని తప్పుడు పొడవు రాసి, తను రాసిన కెర్నెల్ కోడు దాన్ని తట్టుకుంటుందో లేదో చూడాలి.

మూడు నెలలయ్యాక పిల్ల "నాకు పడలేదు" అంటే ఆ మాట నమ్మండి, కోప్పడకుండా ఇంకో దారి వెతకండి. పోయింది కొంచెం కరెంటు బిల్లే. "ఇంకా చేస్తాను" అంటే అప్పుడు ఖర్చు పెట్టండి: ఇంకొంచెం ర్యామ్‌కు, రెండు పుస్తకాలకు, గేట్ దరఖాస్తుకు. చేను తాకట్టు పెట్టే అవసరం ఇందులో ఏ మెట్టు దగ్గరా రాదు.