గిటారు: చెక్క పలుకు, స్పీకరు పలుకు

నిరుడు క్రిస్మసునకు ముందు దివిసీమనుండి వచ్చిన యొక విద్యార్థి తండ్రి నన్నిట్లడిగెను: “మాస్టారూ, మావాడు గుడిలో కీర్తనలకు గిటారు వాయించుచున్నాడు. ఉన్నది ఐదువేలది. లక్షరూపాయలది కొనుమని పోరుచున్నాడు. అప్పుచేసి కొనమందురా?” దీనికి జవాబు మన భౌతికశాస్త్ర పాఠములలోనే చాలవరకు గలదు.

మీటిన తీగె సన్ననిదగుటచే గాలిని తానై చాలినంత కదల్పలేదు. దాని కంపనము గుఱ్ఱముమీదుగా పైపలకకు దిగును. పలకయు, పొట్టలోని గాలియు కలిసి నాదమును వెలికి పంపును. బొబ్బిలి వీణెల పనివారు పనసకఱ్ఱను ఏరి తొలుచుట యిందులకే. వెలహెచ్చు గిటారునకు పైపలక స్ప్రూసు, సీడరు వంటి చెట్ల నిండుచెక్క. తేలికయు, బిగువును గలదగుటచే వెంటనే పలుకును. చవుకదానికి పొరలంటించిన ప్లైవుడ్డు. సెకనుకు సుమారు 82 మారులు కంపించు మందపుతీగెను మీటి వినుడు: మొదటిదానియందు గది నిండును, రెండవదానియందు గొణుగును. ఈ భేదము నిజమైనదే. వెనుకచెక్క సంగతి వేరు. 2018లో ఇంగ్లండునందలి లాంకాస్టరు విశ్వవిద్యాలయమువారు వెనుకను, ప్రక్కలను చెక్కలు మాత్రమే మార్చిన ఆరు గిటారులను, చెక్క కనబడకుండ, 52 మంది వాదకులచేత వాయింపించిరి. చెప్పుకొనదగిన భేదము వారికి తోపలేదు.

ఇక స్పీకరు నాదము. ఉక్కుతీగె అయస్కాంతము చేరువ కదలగా, దాని చుట్టునున్న రాగితీగెచుట్టలో విద్యుత్తు పుట్టును; 1831లో ఫారడే కనుగొనిన సూత్రమిదియే. ఇట్టి పికప్పు తీగెను వినును గాని గాలిని వినదు. గుఱ్ఱము క్రింద నుంచు పీజో పికప్పు ఒత్తిడిని విద్యుత్తుగా మార్చును. అందు చెక్కపాలు కొంత చేరినను, పలక గదిలోనికి విసరు నాదము చేరదు. ఆపైని ఆంప్లిఫయరును, స్పీకరును తమతమ రంగు పూయును. కావున రెండు గిటారుల నడిమి దూరము మిక్కిలి తగ్గును. ఇంకొక వింత: చక్కగా పలుకు నిండుపలక స్పీకరు మ్రోతకును అదరి, ఆ యదురు మరల పికప్పు జొచ్చి కూతపెట్టును. లక్షరూపాయలది ఐదువేలదానికంటె ముందుగా కూయుటయు గలదు!

అయినను స్పీకరు నాదము హీనమని తలపరాదు. పాలకొల్లున 1969లో జన్మించిన యు. శ్రీనివాస్ మాండలినుపై కర్ణాటక సంగీతము వాయించిరి. మామూలు మాండలిను నాదము త్వరగా ఆరిపోవును, గమకమునకు నిలువదు. ఆయన విద్యుత్ మాండలినును గ్రహించి, జంటతీగెలు మాని ఐదు ఒంటితీగెలతో వాయించిరి. అచ్చట ఆంప్లిఫయరు వాద్యములో నొక యవయవమే.

నేనా తండ్రితో అప్పు వలదంటిని. పిల్లవాని వ్రేళ్లు చూచితిని, చిట్లియుండెను. తీగెలు మెట్లకు మిక్కిలి ఎత్తున నుండుటయే కారణము. చవుక గిటారులకు చెక్కకంటె పెద్దలోపమిది. గుఱ్ఱముపైని పట్టీని అరగదీయించి, సముద్రపుగాలికి తుప్పుపట్టిన తీగెలు మార్పించి, మంచి పికప్పు పెట్టించుడంటిని. మన తేమకు ప్లైవుడ్డు నిండుచెక్కకంటె తక్కువ ఉబ్బును. అదియు నొక లాభము.

క్రిస్మసురాత్రి వారి గుడిలో కీర్తన నడుమ కరెంటు పోయెను. గిటారు మూడవ వరుస దాటి వినబడలేదట. ఆ సంగతి నేను ముందే చెప్పియుండవలసినది. స్త్రీలు చప్పట్లతో పాటనందుకొని ముగించిరి.